తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి టాకిల్ ఫుట్‌బాల్‌లో చేర్చాలా? డబ్బు కట్టే ముందు మంగళవారం ప్రాక్టీస్ చూసి రండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: డాలస్ పక్కన ఫ్రిస్కో వైపు ఉంటున్నారు. అబ్బాయికి తొమ్మిదేళ్ళు, బరువు 60 పౌండ్లు. క్లాసులో స్నేహితులంతా టాకిల్ ఫుట్‌బాల్‌లో, అంటే ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, చేరారు, వీడూ చేరతానని పట్టుబట్టాడు. మీ ఆవిడ ససేమిరా అంటున్నారు. చేర్చవచ్చా, చేర్చేముందు ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నేనైతే తొమ్మిదేళ్ళకి టాకిల్‌లో చేర్చను. ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిస్తాను, అందులో ఎదుటివాణ్ణి పడగొట్టే బదులు వాడి నడుముకి కట్టిన రిబ్బన్ లాగితే చాలు. ఏడో తరగతికి వచ్చాక కూడా వాడికి అంతే ఇష్టం ఉంటే అప్పుడు స్కూలు టీములో టాకిల్ ఆడనిస్తాను. అలా కాదు, ఇప్పుడే చేర్చాలనుకుంటే మాత్రం లీగ్ పేరు చూసి కాదు, కోచ్‌ని చూసి చేర్చండి. కోచ్ ఎలాంటివాడో శనివారం మ్యాచ్‌లో తెలియదు, మంగళవారం సాయంత్రం ప్రాక్టీస్‌లో తెలుస్తుంది.

ఇది చెప్పడానికి నాకేం అర్హత అంటారేమో. డాలస్ చుట్టుపక్కలే పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. ఇద్దరబ్బాయిలు. పెద్దవాణ్ణి ఎనిమిదేళ్ళకే టాకిల్‌లో వేశాను. చిన్నవాణ్ణి పన్నెండు దాకా ఫ్లాగ్‌లోనే ఉంచాను. మధ్యలో ఆరు సీజన్లు నేను అసిస్టెంట్ కోచ్‌గా చేశాను. ఆట తెలిసి కాదు లెండి, మొదట నీళ్ళ బాటిళ్ళు అందించడానికి ఒక మనిషి కావాలని పిలిచారు. క్రికెట్ తప్ప ఏమీ తెలియనివాణ్ణి, మూడో ఏడాదికి లైన్‌లో, అంటే ఎదుటి జట్టుని అడ్డుకునే ముందు వరసలో, పిల్లల కాళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవాణ్ణి అయ్యాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే ఇద్దరినీ చిన్నవాడి దారిలోనే పంపిస్తాను.

ఎందుకో చెప్తాను. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడేది కంకషన్ గురించి, అంటే దెబ్బ తగిలి మెదడు అదిరి కొంతకాలం పనితీరు తప్పడం గురించి. అది నిజమైన భయమే. కానీ దాని కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది చిన్న చిన్న దెబ్బల లెక్క. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి సెన్సర్లు పెట్టి ఒక సీజన్ పాటు చూసి, 2021లో ఫలితాలు వెల్లడించింది. టాకిల్ ఆడే పిల్లల్లో ఒక్కొక్కరి తలకి సీజన్‌లో తగిలిన దెబ్బల మధ్యస్థ సంఖ్య 378. ఫ్లాగ్ ఆడే పిల్లల్లో అది 8. ఆ 378లో చాలావాటికి పిల్లాడు నెప్పి అని కూడా అనడు, లేచి వెళ్ళిపోతాడు. ఏ డాక్టరూ దాన్ని కంకషన్ అనడు. కానీ ఏళ్ళ తరబడి పేరుకునేవి అవే.

సీటీఈ అనే మాట మీరు వినే ఉంటారు. తలకి పదేపదే దెబ్బలు తగిలినవాళ్ళలో వచ్చే మెదడు జబ్బు. మనిషి బతికుండగా ఖాయంగా చెప్పలేరు, చనిపోయాక మెదడు పరీక్ష చేసి తేలుస్తారు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో వేసిన పేపర్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మాజీ ఆటగాళ్ళ మెదళ్ళు 111 చూస్తే 110లో అది కనిపించింది. ఈ అంకె చూసి మా ఇంట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. అయితే దీన్ని జాగ్రత్తగా చదవాలి. మనిషి ప్రవర్తనలో తేడా చూసిన కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి కాబట్టి ఆడిన ప్రతివాడికీ వస్తుందని అర్థం కాదు. నాలుగు సీజన్లు ఆడి మానేసిన పదేళ్ళ పిల్లాడు వేరు, ఇరవయ్యేళ్ళు ఆడిన ప్రొఫెషనల్ వేరు. కానీ అదే బృందం తర్వాత చేసిన పనిలో ఒక సంగతి తేలింది: ఎన్నేళ్ళు ఆడారన్నది పెరిగేకొద్దీ సీటీఈ అవకాశమూ పెరుగుతోంది. అంటే మన చేతిలో ఉన్న మీట ఏళ్ళ సంఖ్య. ఎనిమిదికి మొదలుపెట్టే బదులు పన్నెండుకి మొదలుపెడితే నాలుగేళ్ళ దెబ్బలు తగ్గినట్టే. నా వాదన అంతా అంతే.

"అప్పటిదాకా ఆగితే వెనకబడిపోడా?" అని మీరు అడగబోతున్నారు. నేనూ అడిగాను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పెద్ద పేరున్న టామ్ బ్రేడీ హైస్కూల్‌కి వచ్చేదాకా టాకిల్ ఆడనేలేదు. సరే, ఆయన్ని పక్కన పెట్టండి, మన పిల్లల సంగతే చూద్దాం. ఫ్లాగ్‌లో నాలుగేళ్ళు ఆడిన మా చిన్నవాడికి పాస్ పట్టడం, పరుగు దారులు, ఎదుటివాణ్ణి చదవడం అన్నీ వచ్చేశాయి. టాకిల్ చేయడం స్కూల్లో ఒక్క ఆగస్టులో నేర్చుకున్నాడు. టెక్సస్ పబ్లిక్ స్కూళ్ళలో ఎలాగూ ఏడో తరగతికే టాకిల్ మొదలవుతుంది. అక్కడ కోచ్‌లు జీతం తీసుకునే టీచర్లు, శిక్షణ తీసుకున్నవాళ్ళు. లీగ్‌లో ఎక్కువమంది నాలాంటి నాన్నలు, సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండ్‌కి వచ్చేవాళ్ళు.

ఇంకో మాట. ఫ్లాగ్ అంటే చిన్నచూపు ఉంది కొంతమందికి, "నడుముకి రిబ్బన్లు కట్టుకుని ఆడే ఆట" అని. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నీ, మన క్రికెట్‌నీ కలిపి తీసుకున్నారు. మీ వాడు ఏడిస్తే ఈ ముక్క చెప్పి చూడండి. మా చిన్నవాడి మీద పనిచేసింది, ఒక వారం రోజులు.

ఇప్పుడు మా పెద్దవాడి సంగతి. వాడికి పదేళ్ళు, మూడో సీజన్, అక్టోబరు. మూడో క్వార్టర్‌లో ఒకడిని పడగొట్టి తానూ పడ్డాడు. లేచాడు. లేచి అవతలి జట్టు గుంపు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. మేమంతా నవ్వాం. హెడ్ కోచ్ "బాగానే ఉన్నావా?" అన్నాడు, వీడు "యా" అన్నాడు, తర్వాతి ఆటకి పంపేశారు. నేను ఎక్కడో స్టాండ్స్‌లో లేను, ఆ గీత పక్కనే, కోచ్ టీషర్టు వేసుకుని నిలబడి ఉన్నాను. కారెక్కాక "స్కోర్ ఎంత నాన్నా?" అన్నాడు. చెప్పాను. టోల్‌వే ఎక్కేలోపు మళ్ళీ అడిగాడు. ఇంటి మలుపు దగ్గర మూడోసారి అడిగాడు. అప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఇంటికెళ్ళాక వంటింట్లో లైటు వేస్తే "ఆపమ్మా" అని కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు కంకషన్ అన్నారు. పూర్తిగా తేరుకుని ఆటలోకి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అదృష్టం ఏంటంటే ఆ రోజు మిగిలిన మ్యాచ్‌లో మళ్ళీ తలకి తగల్లేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు, ముఖ్యంగా చిన్నవయసులో.

ఆ రోజు గ్రౌండ్‌లో గాయాలు చూసే అథ్లెటిక్ ట్రెయినర్ లేరు. లీగ్ కాగితాల మీద మాత్రం "ప్రతి మ్యాచ్‌కీ వైద్య సహాయం" అని ఉంది. అడిగితే ఒక కోచ్ దగ్గర ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంది కదా అన్నారు. అందుకే మీకు చెప్పే మొదటి ప్రశ్న: మ్యాచ్‌లో నా బిడ్డ పడితే వాణ్ణి బయట కూర్చోబెట్టే అధికారం ఎవరిది? ఆ మనిషి గెలుపు ఓటములతో సంబంధం లేని మనిషేనా? రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఈ ఒక్క ప్రశ్న వేసి మొహం చూడండి. తడుముకుంటే సంగతి తెలిసిపోతుంది.

దెబ్బ తగిలాక నియమం కూడా తెలుసుకోండి. అనుమానం ఉంటే ఆ రోజు ఇక ఆట లేదు. డాక్టరు రాసిచ్చాకే మళ్ళీ మొదలు, అదీ మెట్లు మెట్లుగా: ముందు నడక, తేలిక వ్యాయామం, తర్వాత పరుగు, తర్వాత ఒంటి మీద చెయ్యి పడని ప్రాక్టీస్, తర్వాత పూర్తి ప్రాక్టీస్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. లక్షణం తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. ఇక పదేపదే వాంతులు, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, లేపితే లేవకపోవడం, తలనొప్పి అంతకంతకీ పెరగడం: వీటిలో ఏది కనిపించినా మీరే కారులో తీసుకెళ్దామని చూడకండి, 911కి ఫోన్ చేయండి. తెలుగు ఇళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. పిల్లాడు తల పట్టుకుంటే "ఫోన్ చూసి చూసి" అనేస్తాం. సీజన్‌లో ఆ మాట అనకండి.

మంగళవారం ప్రాక్టీస్ అన్నాను కదా. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కంచె బయట మడతకుర్చీ వేసుకుని గంటన్నర కూర్చోండి. ఏం చూడాలంటే:

పిల్లలు ఒకర్నొకరు గుద్దుకునే సమయం ఎంత. పాప్ వార్నర్ అని 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పాత సంస్థ ఉంది, ఇలాంటి లీగ్‌లకి పెద్దన్న లాంటిది. వాళ్ళు ప్రాక్టీస్‌లో పూర్తి కాంటాక్ట్‌ని, అంటే నిజంగా గుద్దుకుని పడగొట్టే ఆటని, మొత్తం సమయంలో నాలుగో వంతుకి కుదించారు. చిన్న వయసు విభాగాల్లో 2016 నుంచి కిక్‌ఆఫ్‌లే (బంతిని అవతలి జట్టుకి తన్ని ఆట మొదలుపెట్టడం) తీసేశారు, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకునేది అక్కడే కాబట్టి. కాలిఫోర్నియాలో 2021 నుంచి ఏకంగా చట్టమే ఉంది: వారానికి రెండు రోజులే, రోజుకి 30 నిమిషాలే పూర్తి కాంటాక్ట్. మీ లీగ్ ఏ గొడుగు కింద ఉన్నా సరే, గడియారం పెట్టుకుని చూడండి. అరగంట దాటితే లేచి రండి.

ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా పెట్టి, చుట్టూ మిగతావాళ్ళు అరుస్తుంటే ఢీ కొట్టించడం కనిపిస్తే అసలు కూర్చోవద్దు. దాన్ని ఓక్లహోమా డ్రిల్ అంటారు. కోట్లు తీసుకునే ఆటగాళ్ళకే ఇది వద్దని ఎన్‌ఎఫ్‌ఎల్ 2019లో ఆపేసింది. తొమ్మిదేళ్ళ పిల్లలతో అది చేయించేవాడు "మగతనం నేర్పిస్తున్నా" అంటాడు. నేను ఒక జట్టులో విన్నాను ఈ మాట.

టాకిల్ నేర్పే పద్ధతి. తల కిందికి వంచి గుద్దుతుంటే "నైస్ హిట్" అని మెచ్చుకునే కోచ్ ఒకడు, ఆపి మళ్ళీ చేయించే కోచ్ ఇంకొకడు. మా నాన్నగారు ఒక ఏడాది తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఊళ్ళో కబడ్డీ బాగా ఆడినవారు. రెండు రోజులు గ్రౌండ్‌కి వచ్చి, "ఇది బంతి పెట్టుకుని ఆడే కబడ్డీ రా" అన్నారు. మూడో రోజు మా పెద్దవాణ్ణి చూసి, "వాడు తలతో పోతున్నాడేంట్రా, పట్టు భుజంతో పట్టాలి, తల మనిషికి పక్కన ఉండాలి, తొడ దగ్గర చేతులు కలపాలి" అన్నారు. అక్షరాలా అదే ఇప్పుడు మంచి కోచ్‌లు నేర్పేది. భుజం తగలాలి, తల ఆనకూడదు, కళ్ళు పైకి ఉండాలి. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాని ఆయన మాటని నేను హెడ్ కోచ్‌కి అనువదించి చెప్తే ఆయన తాతగారికి చెయ్యి కలిపాడు.

నీళ్ళు. ఇది టెక్సస్. ఆగస్టులో సాయంత్రం ఆరింటికి కూడా 38 డిగ్రీలు ఉంటుంది. మంచి జట్టులో నీళ్ళు అడిగినప్పుడల్లా దొరుకుతాయి, "ఈ డ్రిల్ అయ్యాక" అనరు. మొదటి రోజుల్లో పిల్లలకి హెల్మెట్ ఒక్కటే, తర్వాత షోల్డర్ ప్యాడ్స్, ఆ తర్వాతే పూర్తి సామాను, ఒళ్ళు ఎండకి అలవాటు పడాలని. ఐసు, చన్నీళ్ళ తొట్టి గ్రౌండ్‌లో ఉందా చూడండి. వడదెబ్బకి పిల్లాడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే 911కి ఫోన్ చేస్తూనే అక్కడికక్కడే చన్నీళ్ళలో ముంచాలి, ఒళ్ళు చల్లారాకే ఆస్పత్రికి. ఈ వరస కోచ్‌కి తెలుసా అని అడగడంలో తప్పులేదు.

హెల్మెట్ గురించి కాస్త. ఏ హెల్మెట్టూ కంకషన్‌ని ఆపదు. పుర్రె పగలకుండా ఆపుతుంది, అంతవరకే. అమ్మేవాడు ఇంకోలా చెప్తే నమ్మకండి. లీగ్ ఇచ్చే హెల్మెట్ అయితే లోపల తయారైన సంవత్సరం, హెల్మెట్ భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ ఎన్‌ఓసీఎస్‌ఏఈ ముద్ర, మళ్ళీ బాగుచేసి పరీక్షించిన స్టికర్ చూడండి. పదేళ్ళు దాటినది ఇస్తే వెనక్కిచ్చేయండి. పెట్టాక అంచు కనుబొమలకి రెండువేళ్ళ పైన ఉండాలి. హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దానితో కలిసి కదలాలి, తల ఒకచోట, హెల్మెట్ ఒకచోట తిరగకూడదు. జుట్టు తీయిస్తే కొలత మారిపోతుంది, ఇది ఎవరూ చెప్పరు. మేము ఒక జూలైలో ఇండియా వెళ్ళి తిరుపతిలో మొక్కు తీర్చుకుని వచ్చాం. ఆగస్టులో గుండుతో హెల్మెట్ పెట్టుకుంటే వాడి తల లోపల గంటలో నాలుకలా ఆడింది. ప్యాడ్లు మార్చి గాలి ఎక్కించి బిగించాల్సి వచ్చింది, జుట్టు పెరిగేకొద్దీ మళ్ళీ మళ్ళీ సరిచేశాం.

మిగతా సామాను పెద్ద విషయం కాదు. నోట్లో పెట్టుకునే మౌత్‌గార్డ్ మూడు కొనండి, రెండు పోతాయి, ఒకటి నమిలేస్తాడు.

బరువు సంగతి. మీ వాడు 60 పౌండ్లన్నారు. కొన్ని లీగ్‌లు వయసు, బరువు రెండూ కలిపి జట్లు చేస్తాయి. కొన్ని వయసు మాత్రమే చూసి, బరువైనవాళ్ళు బంతి పట్టుకుని పరుగెత్తకూడదని నిబంధన పెడతాయి. మనవాళ్ళ పిల్లలు చాలామంది సన్నగా ఉంటారు కాబట్టి మొదటి రకం నయం. రెండో రకంలో మీ వాడి ఎదురుగా 110 పౌండ్లవాడు నిలబడవచ్చు. ఇంకో కోణం కూడా ఉంది: బరువు హద్దులోకి రావడానికి పిల్లల కడుపు మాడ్చే కోచ్‌లు ఉంటారు. ఒక జట్టులో పదేళ్ళవాణ్ణి శుక్రవారం రాత్రి అన్నం మానేయమన్నారు, శనివారం పొద్దున తూకం ఉందని. వాళ్ళమ్మ నాతో చెప్పి ఏడ్చింది. అలాంటి మాట వినపడిన రోజే బయటికి రండి.

డబ్బు, సమయం: మాకు మొదటి సీజన్‌లో ఫీజు, బూట్లు, ప్యాంటు, ఫోటోలు అన్నీ కలిపి 500 డాలర్లు దాటింది. ఆ తర్వాత మణికట్టు విరిగితే జేబులోంచి మరో 1,900. లీగ్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల మీ ఇన్సూరెన్స్ కట్టగా మిగిలినదానికే వస్తుంది, మీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ మొదలయ్యేలోపు మీరు కట్టాల్సిన మొత్తం) ఎంతో ముందే చూసుకోండి. వారానికి మూడు సాయంత్రాలు, శనివారం మొత్తం పోతాయి. ప్లేఆఫ్‌లు మొదలైతే ఆదివారం తెలుగు క్లాసు కూడా.

ఇక "డాడీ బాల్". బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ హెడ్ కోచ్ కొడుకే, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ అతని స్నేహితుడి కొడుకు. కొత్తగా వచ్చిన మనవాణ్ణి లైన్‌లో పెడతారు. దీని గురించి గొడవపడి ప్రయోజనం లేదు. కానీ లైన్‌లో ఉన్న పిల్లాడికి ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు తగులుతారు, బంతి ఒక్కసారి కూడా చేతికి రాదు. టీవీలో చూసి టచ్‌డౌన్ కలలు కనే పిల్లాడికి ఇది ముందే చెప్పాలి. మా జట్టులో మానేసినవాళ్ళలో ఎక్కువమంది దెబ్బలకి కాదు, విసుగుకి మానేశారు. స్కాలర్‌షిప్ ఆశ ఉంటే అది కూడా ఇప్పుడే వదిలేయండి. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలోనే హైస్కూల్‌లో ఆడేవాళ్ళలో కాలేజీ జట్టుకి వెళ్ళేది నూటికి ఏడుగురు, వాళ్ళలోనూ పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ రాదు. ఆ ఆశతో ఆటకి పెట్టే డబ్బు పొదుపు ఖాతాలో వేసుకోవడం మేలు.

ఇంతా చెప్పి ఆట చెడ్డదని అనుకోకండి. మా పక్క ఊరు ఆలెన్‌లో 2012లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు, అదీ హైస్కూల్ పిల్లలకి. శుక్రవారం రాత్రి ఆ లైట్ల కింద ఒకసారి కూర్చుంటే మీ వాడు ఎందుకు ఏడుస్తున్నాడో అర్థమవుతుంది. మా పెద్దవాడు బిడియస్తుడు. జట్టులో చేరాకే నలుగురిలో గొంతెత్తాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మెక్సికన్లూ ఒకే చెమట వాసనతో మా వ్యాన్ వెనక కూర్చుని పులిహోర తిన్న రోజులు ఉన్నాయి. అవి ఫ్లాగ్‌లోనూ దొరికాయి, చిన్నవాడి పుణ్యమా అని ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

చివరగా మీ ఆవిడ సంగతి. ఆవిడ వద్దన్నది తప్పేం కాదు, ఆవిడ్ని ఒప్పించే పనిని మీ నెత్తిన వేసుకోకండి. మంగళవారం ప్రాక్టీస్‌కి ఆవిడ్నే తీసుకెళ్ళండి, మీరు మాట్లాడకండి. మా ఆవిడ నాలుగు సీజన్లు గ్రౌండ్‌కి వీపు పెట్టి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చుంది. కేకల్ని బట్టి ఏం జరిగిందో చెప్పేది. ఫ్లాగ్‌కి వచ్చాక కుర్చీ ఇటు తిప్పింది. మీ చుట్టుపక్కల ఫ్లాగ్ లీగ్‌లు వసంతంలోనూ, ఆకురాలు కాలంలోనూ రెండుసార్లు నడుస్తాయి. జట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి వాడి స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురి అమ్మానాన్నలతో ఈ వారమే మాట్లాడండి. ఒక్కడే వెళ్ళమంటే వెళ్ళడు, ముగ్గురుంటే ఏడుపు ఆపేస్తాడు.